వేలి తడి

"మళ్ళీ ఏం తిన్నావు?"

మా ఆయన ఆ మాట అన్నప్పుడు నేను కూరగాయలు తరుగుతున్నాను. రక్తపరీక్ష కాగితం ఆయన చేతిలో ఉంది. తలెత్తి నా మొహం చూడలేదు. తిన్నావా అని అడగలేదు, ఏం తిన్నావు అని అడిగాడు. నేరం రుజువైపోయింది. సరుకు పేరు చెప్పడమే మిగిలింది.

"ఏమీ తినలేదు."

"తినకపోతే ఇదెందుకు తగ్గదు? గాలి పీల్చి పెంచుకుంటున్నావా?"

అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. "నోరు కట్టుకోవడం అందరి వల్లా కాదులేరా," అంది. మాట కొడుకుతోనే అంది. తగలాల్సింది నాకు.

నా జబ్బు పేరు సీలియాక్. గోధుమలో, బార్లీలో గ్లూటెన్ అని ఒక పదార్థం ఉంటుంది. అది కాస్త లోపలికి వెళ్ళినా నా ఒళ్ళు నా పేగు మీదే తిరగబడుతుంది. పేగు లోపలి పొర అరిగిపోతుంది. తిన్నది ఒంటికి పట్టదు. డాక్టరమ్మ ఆ పేరు చెప్పేదాకా ఏళ్ళ తరబడి నా జబ్బుకు ఈ ఇంట్లో వేరే పేర్లున్నాయి. బద్ధకం. వంకలు. సుకుమారం. కడుపు ఉబ్బి పడుకుంటే పని ఎగ్గొట్టడానికి. జుట్టు ఊడితే ఒంటి మీద శ్రద్ధ లేక. విరేచనాలైతే బయట చిరుతిళ్ళు తిని. "మనిషికి జబ్బు రావడం చూశాను కానీ, జబ్బుకి మనిషి దొరకడం దీని దగ్గరే చూశాను," అని మా ఆయన ఒకసారి చుట్టాల ముందు జోకు వేశాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వుతున్నవాళ్ళకు టీ పెట్టి ఇచ్చింది నేను. అందుకే డాక్టరమ్మ అసలు పేరు చెప్పినప్పుడు నాకు భయం వేయలేదు. ఏడుపొచ్చింది. "ఏడవకమ్మా, మందు లేకపోయినా తిండితో అదుపులో ఉంటుంది," అని ఆమె నా భుజం మీద చెయ్యి వేసింది. నేను అందుకు ఏడవడం లేదని చెప్పలేకపోయాను. నేను అబద్ధాలకోరును కానని ఒక మనిషి మొదటిసారి నాకు చెప్పింది. ఆ కృతజ్ఞతకు ఏడ్చాను.

ఆ రోజు నుంచీ వంటింట్లో నాకంటూ ఒక గిన్నె, ఒక మూకుడు, ఒక గరిటె, పై అరలో జానెడు చోటు వచ్చాయి. పెళ్ళయ్యాక ఈ ఇంట్లో నాది అని చెప్పుకోగలిగినవి అవే. జబ్బు పెట్టిన భిక్ష. రొట్టెలకు పిండి కలపకముందే నా అన్నం, నా కూర శుభ్రమైన గరిటెతో తీసి మూత పెట్టుకోవాలి. రొట్టె ముంచిన గిన్నెలోది తినకూడదు. రొట్టె వేయించిన నూనె వాడకూడదు. "మహారాణీ గారికి ముందు తీసిపెట్టాకే మనకి," అనేవాడు మా ఆయన. ముందు తీసుకునేదాన్నే కానీ తినేది మాత్రం ఆఖర్నే. అందరూ తిని లేచి, ఎంగిలి కంచాలు కడిగి, నేల తుడిచాక మూత తీసేదాన్ని. అప్పటికి అది రాయిలా చల్లబడి ఉండేది. ముందు తీసుకోవడం జబ్బు నేర్పింది. ముందు తినడం ఎవరూ నేర్పలేదు.

గోధుమ గోధుమ పేరుతోనే వస్తే ఏ గొడవా లేదు. అది మారువేషాల్లో తిరుగుతుంది. సూపు పొడిలో చిక్కదనం కోసం కలుపుతారు. సాసులో ఉంటుంది. వేయించిన పల్లీల మీద పొడిలా చల్లి ఉంటుంది. కొన్ని మాత్రల్లో కూడా ఉంటుందట. కొట్లో పొట్లాలు తిరగేసి చీమతలకాయంత అక్షరాలు చదువుతూ నిలబడితే కొట్టాయన, "అక్కా, అది పరీక్షకు రాదు, వదిలెయ్," అనేవాడు. ఆ మాటకు నాకు కోపం రాలేదు. నా వెనక ఎదురుచూసేవాళ్ళను పక్కకు జరిపి నన్ను తీరిగ్గా చదువుకోనిచ్చేది కూడా అతనే.

ఇంత చేసినా రక్తపరీక్షలో జబ్బు తగ్గలేదు. మెట్లెక్కితే కళ్ళు తిరిగేవి. "ఎక్కడి నుంచో లోపలికి వెళ్తోందమ్మా, ఆలోచించు," అంది డాక్టరమ్మ. ఇంట్లో ఆ మాటకు అర్థం మారిపోయింది. దొంగతిండి. కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ మా ఆయన తీర్పు చెప్పాడు. "ఇంకోసారి ఇలాగే వచ్చిందంటే డాక్టరూ లేదు, నీ గిన్నెలూ లేవు. మేం తినేదే నువ్వూ తింటావు. ఇంట్లో రెండు వంటలు నా వల్ల కాదు."

రెండు వంటలూ చేసేది నేను. వల్ల కానిది ఆయనకు.

నేను పనిచేసేది పుస్తకాల బైండింగు షాపులో. అచ్చయి వచ్చిన పెద్ద కాగితాలను మడవడం, మడతలను వరసగా పేర్చడం, కుట్టడం, వీపుకు జిగురు రాసి అట్ట వేయడం. నలుగురం ఆడవాళ్ళం పొడుగాటి బల్లకు అటూ ఇటూ కూర్చుంటాం. మడతలు పేర్చేటప్పుడు కుడిచేతి చూపుడువేలు నాలుక మీద తడిచేసుకుంటాం. తడి లేకపోతే రెండేసి వస్తాయి, పుస్తకంలో పేజీలు తారుమారవుతాయి. పనిలో చేరిన రోజునే యజమాని ఆ విద్య నేర్పాడు. "వేలు తడి, కళ్ళు పొడి. రెండూ ఉంటే పనిమంతురాలివే." ఏడుపుమొహంతో రావద్దని దాని అర్థం. నా అంత చకచకా పేర్చేవాళ్ళు ఆ బల్ల దగ్గర లేరు. ఆ గర్వం నాకుంది.

ఒక మధ్యాహ్నం పేర్చుతూ ఉన్నాను. నా పక్కనే జిగురు గిన్నె. ఒక పుస్తకానికి జిగురు రాయడం, వేళ్ళు గుడ్డకు తుడుచుకోవడం, తరవాతి పుస్తకం పేర్చడం. అలా సాగుతోంది పని. ఉన్నట్టుండి గుమ్మం దగ్గర కేక.

"ఓసి నీ తెలివి తెల్లారా! వేలు నాకుతున్నావేంటే!"

అత్తయ్య. ఎండకు మొహం కందిపోయి ఉంది. చేతిలో సంచీ. బల్ల దగ్గర అందరి చేతులూ ఆగిపోయాయి. యజమాని లేచాడు.

"ఎవరు కావాలమ్మా?"

"నా కోడలు కావాలి. నువ్వు కూర్చో. ఆ గిన్నెలో ఏంటది?"

"జిగురండీ."

"దేంతో కాస్తావు?"

"దేంతో ఏముంది, మైదాతో. మా నాన్న హయాం నుంచీ అదే."

"మైదా దేంతో చేస్తారు?"

యజమాని జిగురు గిన్నె వంక చూశాడు. నేను నా వేలు చూసుకున్నాను. గోరు పక్కన జిగురు ఎండి, తెల్లటి పొరలా మెరుస్తోంది. రోజూ ఉదయం పొయ్యి మీద మైదా ఉడికించేది నా కళ్ళ ముందే. ఆ పిండి బస్తా పక్క నుంచే లోపలికి నడిచి వస్తాను. కొట్లో చీమతలకాయ అక్షరాలు చదివిన మనిషిని, ఆ బస్తా మీది పెద్దక్షరాలు చదవలేదు. జిగురు తిండి కాదు కదా. జిగురును ఎవరు తింటారు? నేను తిన్నాను. రోజంతా, కాగితం కాగితానికీ, శ్రద్ధగా తిన్నాను.

"మీరెందుకొచ్చారు అత్తయ్యా?" అన్నాను.

"ఎందుకేంటి, నిన్ను పట్టుకుందామని." ఆవిడ గొంతు తగ్గించలేదు. "మధ్యాహ్నం బయటికెళ్ళి ఏ బన్నో మెక్కుతున్నావనుకున్నా. మొన్నా వచ్చా, నిన్నా వచ్చా. ఎదురుగా చెప్పుల కొట్టు మెట్ల మీద కూర్చున్నా. నీ డబ్బాలోది తిన్నావు, నీళ్ళు తాగావు. మనిషివి కదల్లేదు. అక్కడ్నుంచి సరిగా కనపడ్డం లేదేమోనని ఇవాళ దగ్గరికొచ్చా."

"చెప్పులాయన ఏమీ అనలేదా?" అంది బల్ల అవతలి నుంచి ఒకామె, నవ్వు ఆపుకోలేక.

"ఎందుకనడూ? కొంటావా లేస్తావా అన్నాడు. నా కాలికి సరిపోయేది నీ దగ్గర లేదన్నా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతుంటే కళ్ళలోంచి నీళ్ళు వచ్చాయి.

ఆ నవ్వు పూర్తయ్యాక నాకు ఒకటి తట్టింది. ఇన్నేళ్ళలో నా పనిచోటుకు మా ఆయన ఒక్కసారీ రాలేదు. నేను ఎక్కడ కూర్చుంటానో, ఏం కుడతానో, డబ్బాలో ఏం తింటానో ఆయనకు తెలియదు. తెలుసుకోకుండానే తీర్పు చెప్పాడు. అత్తయ్య తీర్పు ముందే చెప్పేసుకున్నా, ఎండలో మెట్ల మీద కూర్చుని చూసింది. మోకాళ్ళ నొప్పులతో చూసింది. దొంగను చూసినట్టే చూసింది, కానీ చూసింది. నన్ను అంతసేపు కన్నార్పకుండా చూసిన మనిషి నా జీవితంలో ఇంకొకరు లేరు. ఆవిడ అన్న మాటల్లో ఒక్కటీ నేను క్షమించలేదు. ఇప్పటికీ క్షమించలేదు. క్షమించకుండానే ఒక మనిషికి జీవితాంతం రుణపడి ఉండొచ్చని ఆ రోజు తెలిసింది.

సాయంత్రం మా ఆయన చెప్పులు విప్పుతుండగానే ఆవిడ మొదలుపెట్టింది.

"అది ఏమీ తినలేదురా. నేను చూశాను. జిగురు."

అంతా విన్నాక ఆయన కాసేపు గోడ వంక చూశాడు. పొరపాటుపడ్డానని అంటాడేమోనని నేను కూడా ఆ గోడ వంకే చూశాను. "అయితే ఆ పని మానెయ్," అన్నాడు. "సమస్య తీరిపోతుంది."

"పని మానను. వేలు నాకడం మానేస్తాను."

నేనే అన్నానా అనిపించింది. గొంతు మాత్రం నాదే. అత్తయ్య గబుక్కున మొహం అటు తిప్పుకుంది. భుజాలు కదలడం చూశాను. నవ్వుతోంది.

"నోరు లేస్తోందే," అన్నాడు ఆయన.

"రక్తం పట్టాక ఇంకా లేస్తుంది. అలవాటు చేసుకో," అంది ఆవిడ గోడ వైపు తిరిగే.

మర్నాడు యజమానితో నేనే మాట్లాడాను. జిగురు పని ముట్టను, మడతలూ కుట్టూ చేస్తాను, నన్ను కిటికీ పక్కకు మార్చండి, పిండి ఉడికించడం పెరట్లో పెట్టుకోండి అన్నాను. "ఒక్కదాని కోసమా?" అన్నాడు. "ఒక్కదాన్నే. నాలా పేర్చేవాళ్ళు దొరికితే చెప్పండి, వెళ్ళిపోతాను," అన్నాను. గొణుక్కుంటూనే పొయ్యి బయటికి మోయించాడు. వేలి తడికి అత్తయ్య ఒక డబ్బా మూతలో స్పాంజి ముక్క పెట్టి నీళ్ళు పోసి ఇచ్చింది. "నాకావంటే నాలిక కోస్తా," అంది ఇస్తూ. అంత ముద్దుగా ఈ ఇంట్లో నాతో ఎవరూ మాట్లాడలేదు.

కొన్ని నెలలకు మెట్లెక్కితే కళ్ళు తిరగడం ఆగింది. దువ్వెనకు వచ్చే జుట్టు తగ్గింది. మళ్ళీ పరీక్ష చేయించాను. డాక్టరమ్మ నవ్వి, "దొంగ దొరికినట్టుందే," అంది. "దొరికిందండీ, మా అత్తయ్య పట్టుకుంది," అన్నాను. ఇంటికి ఫోన్ చేసి చెబితే మా ఆయన, "చూశావా, నేను గట్టిగా చెప్పబట్టే తగ్గింది," అన్నాడు. సరే అని పెట్టేశాను. ఆయనకు చెప్పాల్సిన కృతజ్ఞత ఏమైనా మిగిలిందేమోనని వెతికాను. కనపడలేదు.

ఆ సాయంత్రం పిండి కలపకముందే అన్నం వార్చాను. శుభ్రమైన గరిటెతో నా కంచంలో వడ్డించుకున్నాను. మూత పెట్టలేదు. ఇంకో కంచం తీసి అందులోనూ వడ్డించాను.

"అత్తయ్యా, రండి."

ఆవిడ కంచం వంక చూసింది, వీధి తలుపు వంక చూసింది. "వాడు రానీ. ఇన్నేళ్ళూ వాడు తిని లేచాకేగా నేను తిన్నది."

"వచ్చాక వడ్డించుకుంటారు."

"వాడికి గిన్నెలెక్కడుంటాయో తెలుసా?"

"మీరు నన్ను వెతికారు కదా చెప్పుల కొట్టు దాకా వచ్చి. ఆయన వంటింటి దాకా రాలేరా?"

ఆవిడ ఇంకాసేపు నిలబడింది. తరవాత మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కూర్చుంది, నా ఎదురుగా. ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపేసింది.

"ఉప్పెక్కువైందా?"

కాదన్నట్టు తలూపింది. కంచం మీంచి లేస్తున్న ఆవిరి వంక, ఎవరిదో వస్తువు తన దగ్గరికి వచ్చినట్టు, చూస్తూ ఉంది.

"వేడిగా ఉందే," అంది.