పొయ్యికొక ఓటు

శాలిబండ పాలవాళ్ళ గల్లీలో శారదమ్మకు తెలియని గిన్నె లేదు. నలభై ఏళ్ళు ఇంటింటికీ తిరిగి పాలు పోసిన మనిషి. ఏ ఇంట్లో సత్తు గిన్నె తెస్తారో, ఏ ఇంట్లో పెద్ద చెంబు ముందుకు పెట్టి "ఇంకో చుక్క పొయ్యరాదూ" అంటారో, ఎవరి పాలు పొంగి పొయ్యి ఆరితే ఎవరికి తిట్లు పడ్డాయో అన్నీ ఆమెకు కంఠతా వచ్చు. బర్రెలు పోయి పాల పాకెట్లు వచ్చాయి. కొట్టం ఉన్న చోట ఇప్పుడు మోటారుసైకిళ్ళు నిలబడుతున్నాయి. ఆమె జ్ఞాపకం మాత్రం ఒక్క చుక్క ఒలకలేదు. చదువంటారా, రెండో తరగతిలో పలక పగిలింది, మళ్ళీ ఎవరూ కొనివ్వలేదు.

అలాంటి శారదమ్మకు డెబ్బై రెండేళ్ళు వచ్చినా ఒక ముచ్చట తీరలేదు. గల్లీ సంఘం మీటింగులో ఒక్కసారి చెయ్యి ఎత్తాలి. పెద్ద ఎన్నికల్లో ఎన్నోసార్లు ఓటేసింది, వేలి మీద సిరా మరక చూసుకుని మురిసింది. సంఘంలో మాత్రం ఇంటికి ఒకటే ఓటు, ఇల్లు ఎవరి పేరున ఉంటే వాళ్ళదే. మొదట మామది, తర్వాత భర్త బాలనర్సింహది, ఆయన పోయాక కొడుకు మురళిది. శారదమ్మ వంతుకు వచ్చింది మీటింగుకు చాయ్ పంపడం ఒక్కటే.

ఆ ముచ్చటకు ఈసారి తొందర కూడా వచ్చిపడింది. దానికి కారణం సలీమా.

సలీమా శారదమ్మ ఇంటి వెనుక భాగంలో ఇరవై రెండేళ్ళుగా కిరాయికి ఉంటోంది. సంఘం గదిలో కిటికీ పక్కన చెక్క చట్రానికి గుడ్డ బిగించి, మరో పదిమంది ఆడవాళ్ళతో కూర్చుని పెళ్ళి బట్టల మీద జరీ పని చేస్తుంది. గల్లీలో అంత వెలుతురు వచ్చే చోటు ఇంకొకటి లేదు. ఆ గదిని తన బామ్మర్ది మంచినీళ్ళ డబ్బాలు పెట్టుకోవడానికి ఇచ్చేద్దామని సంఘం పెద్ద వైకుంఠం తీర్మానం పెట్టాడు. ఆదివారం ఓటింగు. ఆ పదకొండు మందిలో పదిమంది కిరాయిదార్లు, మిగిలిన ఒక్కామెకు ఇల్లుంది కాని అది మొగుడి పేరున ఉంది.

"మా గది పోతుంటే మేం చెయ్యి ఎత్తనీకి కూడ లేదు పెద్దమ్మా," అంది సలీమా, సూదిలో దారం ఎక్కిస్తూ. "చట్రం నా ఇంట్ల పడదు. పెట్టిన్ననుకో, పిల్లలు దాని మీదనే పండాలె."

"జెర ఆగు. నీ గది యాడికి పోదు," అని మాటిచ్చేసింది శారదమ్మ. ఎలా ఆపుతుందో ఆమెకే తెలియదు.

తెలిసింది కోడలు అమలకు. చాంద్రాయణగుట్టలో టైపింగు, జిరాక్సు దుకాణంలో పనిచేసే అమల ఆ సాయంత్రం ఒక కాయితం పట్టుకొచ్చింది.

"ఇవి సవరణలు అత్తమ్మా. మన సంఘం కానూన్లను అందరు దస్తూర్ అంటరు గద? దస్తూర్ అంటే రాజ్యాంగమే. దాన్ని మారుద్దమంటున్న. ఒకటి, గల్లీల ఉండే పద్దెనిమిదేండ్లు నిండిన ప్రతి మనిషికి ఒక ఓటు, సొంతిల్లున్నా కిరాయికున్నా. రెండు, పావు వంతు మంది సంతకం పెడితే ఏ సంగతైనా అందరి ముందటికి రావాలె. మూడు, పెద్దమనిషి మంచిగ చెయ్యకుంటే మధ్యలనే దింపొచ్చు."

"ఆఖరుది వైకుంఠానికి సదివి వినిపించినవా?"

"వినిపించిన. దస్తూర్ అంటే తాతల నాటి అలవాటు, అలవాటును ముట్టుకోవద్దు అన్నడు. అలవాటైతే కాయితం మీద ఎందుకు రాసిన్రు కాకా అన్న. చాయ్ సగంల వదిలిపెట్టి లేసిపోయిండు."

శారదమ్మ పకపకా నవ్వింది. కాని లెక్క మొదలుపెట్టేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. దస్తూర్ మార్చాలంటే ఉన్న ఓట్లలో మూడింట రెండు వంతులు కావాలి. గల్లీలో ముప్పై ఇళ్ళు, అంటే ఇరవై ఓట్లు. తొమ్మిది మంది యజమానులు ఎప్పుడో వేరే చోట్ల ఇళ్ళు కట్టుకుని వెళ్ళిపోయారు. వాళ్ళందరూ "మా ఓటు నీదే" అని వైకుంఠానికి చీటీలు రాసిచ్చారు. మిగిలిన వాళ్ళలో వైకుంఠం మనుషులు వైకుంఠానికి ఉన్నారు. అత్తాకోడళ్ళు రెండు రోజులు తిరిగితే పదకొండు మంది సరేనన్నారు. పన్నెండోవాడుగా మురళి వచ్చినా ఇంకా ఎనిమిది తక్కువే. ఆ మురళేమో గోడ గడియారం చూస్తూ కూర్చున్నాడు.

"వైకుంఠం కాక రోజూ ఎదురుపడుతడే అమ్మా. ఏం మొఖం పెట్టుకోవాలె?"

"ఉన్న మొఖమే పెట్టుకో," అంది అమల. "దాంతోనే నన్ను చేసుకున్నవ్ గద."

శనివారం పొద్దున ఈ లొల్లిలో పడి అమల పొయ్యి మీద పాలు మరిచిపోయింది. బుస్సుమని పొంగి మంట ఆరింది. మాడు వాసన ముక్కుకు తగలగానే శారదమ్మ పీట మీద నుంచి లేచి నిలబడింది.

"వంకాయ కూర!" అంది.

"పాలు అత్తమ్మా, కూర కాదు."

"ఇయ్యాల్టిది కాదే. సంఘం పెట్టిన నాటి వంకాయ కూర. నా చేతుల మాడింది. మా అత్త నెల దినాలు సాధించింది."

కొత్త కోడలుగా వచ్చిన ఏడాది అది. ముంగిట్లో మగవాళ్ళు కూర్చుని దస్తూర్ రాస్తున్నారు. బాలనర్సింహ చెబుతుంటే ఆయన దోస్తు, అందమైన ఉర్దూ అక్షరాలు రాసే బాబూమియా, కలం ముంచి రాస్తున్నాడు. 'ఇంటికొక ఓటు' అని వినిపించగానే వంటింట్లో నుంచి శారదమ్మ తోటికోడలు అరిచింది. అప్పటికే అన్నదమ్ములు ఒకే కప్పు కింద వేరు పడి రెండు పొయ్యిలు పెట్టుకున్నారు. "రెండు పొయ్యిలున్న కాడ ఒక్క ఓటేంది? పొగ మాకొకటి, మాట మీకొకటా?" ఆ కేకకు శారదమ్మ గరిటె వదిలేసి తలుపు చాటుకు పరిగెత్తింది. కూర అక్కడే మాడింది. బయట బాబూమియా నవ్వి నవ్వి, రాసింది కొట్టేసి ఇంకోటి రాశాడు. ఆ మాట యాభై ఏళ్ళ తర్వాత ఇప్పుడు శారదమ్మ చెవిలో మళ్ళీ మోగింది.

"ఇల్లు అని రాయలేదే అమలా. చూల్హా అని రాసిన్రు. పొయ్యి!"

సంఘం గది గోడకు వేలాడే తెలుగు దస్తూర్ కాయితం తర్వాత ఎప్పుడో ఎవరో టైపు చేయించింది. అందులో 'ఇంటికొక ఓటు, ఇంటి యజమానిది' అనే ఉంది. మగవాళ్ళే మీటింగులకు పోతుండేసరికి తేడా ఎవరూ చూడలేదు. అసలు పుస్తకం బాబూమియా దగ్గరే ఉండాలి, పారేసే మనిషి కాదు.

గంటలో అత్తాకోడళ్ళు, సలీమా ఆటో ఎక్కి బహదూర్‌పురాలో దిగారు. మనవరాలి ఇంట్లో మంచం మీద దిండుకు ఆనుకుని ఉన్నాడు బాబూమియా. చూపు బాగా తగ్గింది, చెవులు మాత్రం పాము చెవులే.

"గాజుల చప్పుడు విన్న. శారదా భాభీయేనా? ఇన్నేండ్లకు యాదికొచ్చిన్నా?"

"కూర మాడితేగాని యాదికి రావు నువ్వు, భాయ్‌సాబ్. దస్తూర్ పుస్తకం ఉన్నదా?"

"నేనున్న, అది ఉండదా?"

మనవరాలు పెట్టె తెరిచి, ఆకుపచ్చ గుడ్డలో చుట్టిన పుస్తకం తీసింది. సలీమా ఒక్కో పేజీ తిప్పి, ఒక చోట వేలు ఆపింది. కళ్ళు పెద్దవి చేసింది. "హర్ చూల్హే కా ఏక్ ఓట్. జో జలాయే, ఉసీ కా." మళ్ళీ తెలుగులో అంది: "పొయ్యికొక ఓటు. వెలిగించేటోళ్ళదే."

"వెలిగించేటోళ్ళది అని కూడ ఉన్నదా?" శారదమ్మ నోరు తెరిచింది.

"నీ మొగుడు చెప్పిందే," అన్నాడు బాబూమియా. "లోపలి కెల్లి మళ్ళ కేకలొస్తయని భయపడ్డడు. ఆఖరి లైను గూడ సదువు బేటీ. తగువొస్తే ఈ పుస్తకమే అసలుది అని రాసిన."

ఆదివారం సంఘం గదిలో కాలు పెట్టడానికి చోటు లేదు. సలీమా చట్రాలన్నీ గోడకు నిలబెట్టింది. ఎప్పుడూ గడప అవతల ఆగే ఆడవాళ్ళు ఈసారి లోపలికి వచ్చి కూర్చున్నారు. వైకుంఠం తన తొమ్మిది చీటీలు జేబులో తడుముకుంటూ వచ్చాడు. సలీమా లేచి ఉర్దూలో చదివింది, తెలుగులో చెప్పింది. గదిలో ఒకటే గోల.

"ఆగున్రి, ఆగున్రి!" వైకుంఠం చేతులు ఊపాడు. "అప్పుడు కట్టెల పొయ్యిలు. ఇప్పుడు గ్యాసు. గ్యాసు స్టవ్వు పొయ్యెట్లయితది?"

"పొద్దుగాల తాగిన చాయ్ దేని మీద కాగింది, వైకుంఠం? ఎండకా?" అంది శారదమ్మ.

"సరే, అయితే అయింది. పొయ్యిలెన్నున్నయో ఎవరు లెక్కపెట్టాలె? ఇల్లిల్లు తిరిగి చూడనీకి పొద్దుగూకుతది."

"తిరిగేదేంది? నలభై ఏండ్లు తిరిగిన."

శారదమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని గల్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. "మూల మీది బాలరాజ్ ఇల్లు. కింద పొయ్యి ఒకటి, లీటరు పాలు. మీద కొడుకు వేరు పడ్డడు, ఇంకోటి, అర్ధ లీటరు. పక్కన రామలింగయ్యది. ఆయన యాడనో ఉంటడు, ఈడ ఆయన పొయ్యి లేదు. కిరాయికున్న నుజహత్‌ది ఒకటి, దాని పక్క అర్రల షాహెద్ భార్యది ఒకటి. ఆమెకు వెన్న తీసిన పాలు గావాలె, బీపీ ఉన్నది..." ఎవరి పేరు వస్తే వాళ్ళు "ఉన్న" అని పలికారు. గల్లీ చివరికి వచ్చేసరికి పొయ్యిలు నలభై ఆరు తేలాయి. వైకుంఠం జేబులోని తొమ్మిది చీటీల వాళ్ళకు గల్లీలో ఒక్క పొయ్యి కూడా లేదు. ఆయన చీటీలు బయటికి తీసి, ఒకసారి చూసుకుని, మళ్ళీ లోపల పెట్టుకున్నాడు.

కాని మొండివాడు. ఓడిపోతూ కూడా ఒక చురక అంటించాడు.

"వదినా, అందరి లెక్క చెప్పినవ్. మీ ఇంట్ల పొయ్యి ఎవరు వెలిగిస్తరు?"

శారదమ్మ నడుం మీది చెయ్యి దించింది. పద్నాలుగేళ్ళ కిందట తాళాల గుత్తితో పాటు వంటిల్లు కోడలికి అప్పజెప్పింది. ఆ రోజు నుంచి అగ్గిపుల్ల ముట్టలేదు. యాభై ఏళ్ళ నాటి మాట తవ్వి తెచ్చిందీ, నలభై ఆరు పొయ్యిలు ఏరి చెప్పిందీ తానే. అందులో తన పొయ్యి లేదు.

అమల చటుక్కున లేచింది. "మా అత్తమ్మనే వెలిగిస్తది!"

"అబద్ధమెందుకే? పొయ్యి నీది," అంది శారదమ్మ. "నీ కాయితం సదువు. ఎత్తాల్సిన చెయ్యి నువ్వెత్తు." అని గోడకు ఆనుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"మరి నా ఓటో?" అన్నాడు మురళి వెనక నుంచి.

"పొయ్యి యాడున్నదో చెప్పు, ఇస్తం," అంది నుజహత్. గది నవ్వులతో ఊగిపోయింది.

అమల మూడు సవరణలూ చదివింది. చేతులు లేచాయి. పసుపు అంటిన చేతులు, జరీ పొడి మెరిసే చేతులు. నలభై ఆరులో మూడింట రెండు వంతులంటే ముప్పై ఒకటి కావాలి. బాలరాజ్ లెక్కపెట్టాడు. ముప్పై. ఇంకో మారు లెక్కపెట్టాడు. ముప్పయ్యే. శారదమ్మ ఒళ్ళో చేతులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి.

అప్పుడు ముందు వరుసలో చెయ్యి ఒకటి మెల్లగా లేచింది. వైకుంఠం భార్య ఆగమ్మది.

"నువ్వేందే?" అన్నాడు వైకుంఠం.

"పొయ్యి నాది," అంది ఆగమ్మ తల తిప్పకుండా. "రేపు చాయ్ కావాల్నా, వద్దా?"

వైకుంఠం భార్యను చూశాడు, గదిని చూశాడు, చివరకు తనే ఫక్కున నవ్వాడు. "కావాలె. చక్కెర గూడ ఎయ్యి," అన్నాడు. "దస్తూర్ మారింది, రాసుకోన్రి."

ఆ మాటతో గల్లీలో పద్దెనిమిది దాటిన ప్రతి మనిషికీ ఓటొచ్చింది. అదే మీటింగులో గది సంగతి ఎత్తారు. "గది జరీ పనికే ఉండాలనేటోళ్ళు చేతులెత్తున్రి," అన్నాడు వైకుంఠం, ఈసారి కొంచెం బుద్ధిగా.

శారదమ్మ గోడ పట్టుకుని లేచింది. లేచి రెండు చేతులూ ఎత్తింది.

"వదినా, మనిషికి ఒకటే ఓటు! నీ కోడలే రాసింది," అన్నాడు వైకుంఠం.

శారదమ్మ సిగ్గుపడి ఎడమ చెయ్యి దించింది. బాలరాజ్ లెక్కపెట్టి పెట్టి వేళ్ళు చాలక వదిలేశాడు. గది జరీ పనికే మిగిలింది. సలీమా అప్పుడే చట్రాన్ని గోడ మీద నుంచి దించి కిటికీ దగ్గరికి జరుపుతోంది. అందరూ చేతులు దించి చాయ్ ఎవరు పెట్టాలని వాదులాడుకుంటున్నారు. శారదమ్మ కుడిచెయ్యి మాత్రం ఇంకా పైనే ఉంది.

"అయిపోయింది అత్తమ్మా. లెక్క రాసుకున్నరు. దించున్రి, చెయ్యి గుంజుతది," అంది అమల చెవిలో.

"గుంజనియ్యవే," అంది శారదమ్మ. "జెర సేపు ఉండనీ."