అన్న బట్టల బొంత

ఓపల్ స్టాంపర్ మీద నాకున్న కోపం నేను పోయేదాకా చల్లారదు. పదకొండు చలికాలాలు ఆవిడ పొయ్యికి కట్టెలు కొట్టి మోశాను. మెట్ల మీద మంచు పారతో ఎత్తిపోశాను. ఎనభై రెండేళ్ల మనిషి, మా అమ్మకి వరసకి అక్క, అందుకని ఏనాడూ ఎదురు మాట్లాడలేదు. శుక్లాలు వచ్చి చూపు ఆనడం లేదని అందరూ అనేవారు. చర్చిలో పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకునేది. అలాంటి మనిషి వేళ్లకి ఒక చొక్కా గుండీ మాత్రం దొరికింది.

మా అన్న డెల్మర్ నవంబరులో పోయాడు. మార్చి మొదటి వారంలో వదిన రీవా కబురు పెట్టింది. అన్న బట్టలతో బొంత కుడుతున్నారట. కూతురు షానాకి జూన్‌లో కాన్పు. పుట్టే బిడ్డ తాతని ఎలాగూ చూడదు, తాత బట్టల్లోనైనా వెచ్చగా పడుకుంటుందని వదిన ఆలోచన. జీన్స్ ప్యాంట్ల కుట్లు కోయడానికి ఆడవాళ్ల చేతులు చాలడం లేదు, ఒకసారి వచ్చిపొమ్మంది. నాన్న పంచిన పొలంలో వాగుకి ఇవతలి సగం నాది, వాగు దాటితే వాళ్లిల్లే. వెళ్లకపోతే ఎందుకు రాలేదంటారు. వెళ్లాను.

ఎందుకు భయపడుతూ వెళ్లానో ముందే చెప్పేస్తాను. డెల్మర్ ఒక్కడే చెట్టు కొడుతుంటే మీద పడిందని అందరూ అనుకుంటున్నారు. ఒక్కడే లేడు. రంపం నా చేతిలో ఉంది. మాను నిలువునా ఎండిపోయి ఒక పక్కకి వాలి ఉంది. "ఆగరా, ట్రాక్టర్లో గొలుసుంది, కట్టాక కోద్దువు గానీ," అని వాడు వెళ్లాడు. నేను ఆగలేదు. ఎప్పుడూ వాడు చెప్పడం నేను వినడమేనా అనిపించింది. మాను మొదట్లో మెలి తిరిగి, గొలుసు భుజాన వేసుకుని వస్తున్న వాడి మీదికే పోయింది.

నా చొక్కా విప్పి మడిచి వాడి తల కింద పెట్టాను. అప్పటికి ఊపిరి ఉంది. పరుగెత్తి చర్చి వంటగదిలో ఫోన్ చేశాను, పేరు చెప్పలేదు. అంబులెన్సు వచ్చేసరికి మా ఇంట్లో తలుపేసుకుని ఉన్నాను. షెరీఫ్ అడిగితే, పొద్దుటి నుంచి పొగగొట్టం బాగు చేసుకుంటున్నానన్నాను. రంపం డెల్మర్‌దే కాబట్టి ఎవరూ ఇంకో ప్రశ్న అడగలేదు. చొక్కా సంగతి రాత్రికి గుర్తొచ్చింది. నెత్తురు బట్టలు ఆస్పత్రి వాళ్లు పారేస్తారులే అనుకున్నాను.

పారేయలేదు. వదిన బల్ల మీద ఒక పక్క జీన్స్ కుప్ప, ఇంకో పక్క మందపాటి ఫ్లానెల్ చొక్కాల కుప్ప. బొంత కుట్టాక ముడుచుకుపోకుండా అన్నీ రెండేసి సార్లు వేడినీళ్లలో ఉతికి ఆరేశారు. ఆ చొక్కాల అడుగున, ఎరుపు నలుపు గళ్లది, ఒక చెయ్యి బయటికి వేలాడుతూ ఉంది. చూసీ చూడనట్టు కూర్చున్నాను. అలాంటి చొక్కా మా చుట్టుపక్కల ప్రతి మగాడికీ ఒకటుంటుంది. అదే నాకు నేను చెప్పుకుంటున్నాను.

మావైపు చనిపోయినవాళ్ల బట్టలతో బొంత కుట్టేటప్పుడు ఒక పద్ధతి ఉంది. ముక్క ఎవరి చేతికి వస్తే వాళ్లు దాని సంగతి చెప్పాలి. చెప్పకుండా కుట్టకూడదు. వెనక భాగం కాలిపోయిన ప్యాంటొకటి వదిన ఎత్తింది.

"ఇది చలికి పొయ్యి మీద కూర్చున్నప్పటిది."

"తాగి కూర్చున్నాడా?" అంది ఓపల్.

"తాగకుండా ఎవరు కూర్చుంటారు పెద్దమ్మా పొయ్యి మీద? లేచాక కూడా ఇంట్లో ఏదో మాడుతోంది చూడవే అని నన్నే తిట్టాడు."

ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. కత్తితో కుట్లు తెంపుతూ ఎన్ని చొక్కాలు మిగిలాయో లెక్కపెట్టుకుంటున్నాను. ఐదు. నాలుగు. పొయ్యి రగిలించే గుడ్డకని చెప్పి ఆ గళ్ల చొక్కా పట్టుకుపోదామా అనిపించింది. ఇంకో కుట్టు తెంపాను.

ఓపల్ కుప్పలో చెయ్యి పెట్టి దాన్నే లాగింది. ఒళ్లో పరుచుకుని తడిమింది.

"రీవా, దీన్ని కోయలేదేంటే?"

"ఏంటి పెద్దమ్మా?"

"ఆస్పత్రోళ్లు వాడి ఒంటి మీదున్న నీలం చొక్కా నిలువునా కోసేశారు. బనీనూ కోశారు. ఇది కూడా వాళ్లిచ్చిన సంచీలోదే అన్నావు గదా. దీని గుండీలు మాత్రం ఒక్కోటీ విప్పారు."

"చెమట పట్టి విప్పి పక్కన పడేసుంటాడు."

"పక్కన పడేసినదానికి నడి వీపులో మరకుంటదా? ఎంత ఉతికినా బిరుసుగానే ఉంది, చూడు."

వదిన చూడలేదు. ముసల్ది చొక్కా చేతుల అంచులు తడుముతోంది. ముందు ఎడమది, తర్వాత కుడిది.

"డెల్మర్‌ది ఎడమ చేతివాటం. వాడి చొక్కాలన్నీ ఎడమ మణికట్టు కాడే చిరుగుతాయి. ఇది కుడివైపు అరిగింది."

తర్వాత గుండీలు. ఒకటి, రెండు, మూడోదాని దగ్గర వేళ్లు ఆగాయి. గోటితో మీటింది. సన్నగా టిక్కుమంది.

"ఇది దారం కాదు," అంది. "చేపల గాలపు తీగ."

నా భార్య వెళ్లిపోయినప్పటి నుంచి నా గుండీలు నేనే గాలపు తీగతో కుట్టుకుంటున్నాను. అది ఊడదు. చర్చిలో అందరూ దాని మీద జోకులేసినవాళ్లే, వదినతో సహా.

ఓపల్ బల్ల మీద తడిమింది. కత్తెర తీసుకుని ఆ గుండీ ఉన్న చోట చదరంగా ఒక ముక్క కత్తిరించింది. బల్ల మీదుగా చెయ్యి చాపి నా అరచేతిలో పెట్టింది.

"ముక్క నీ చేతికొచ్చింది వెర్లిన్. సంగతి చెప్పు."

అబద్ధం నాలుక మీద తయారుగానే ఉంది. వాడికి చలేస్తుంటే ముందురోజు ఇచ్చానని అంటే సరిపోయేది. నోరు తెరిచాను. షెరీఫ్ ముందు తడబడకుండా చెప్పినవాడిని, ఆ ముసలి గుడ్డికళ్ల ముందు అది చెప్పలేకపోయాను.

వదిన అడిగింది. చాలా మెల్లగా అడిగింది.

"ఆయన తల కింద పెట్టావా?"

తల ఊపాను.

"బురదలో తల ఆనించి పోయాడనుకుంటున్నా ఇన్నాళ్లూ. రోజూ పడుకునేముందు అదే కనిపించేది." నా వైపు తిరిగింది. "అయితే నువ్వు అక్కడున్నావు."

చెప్పాను. రంపం, గొలుసు, చర్చిలో ఫోను, అన్నీ చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆవిడ లేచి నా మీదికి వస్తుందేమో, షెరీఫ్‌కి ఫోను చేస్తుందేమో అని ఆవిడ చేతులే చూస్తున్నాను. ఆ చేతులు కాలిన ప్యాంటు ముక్కని మడతపెడుతూనే ఉన్నాయి.

"ఆయనేమన్నా అన్నాడా?"

"వెళ్లొద్దన్నాడు వదినా."

ఆ ఒక్కటి చెప్పకుండా ఉండాల్సింది. వదిన ముఖం అప్పుడు మారింది.

"షెరీఫ్ కాడికి నేను పోను," అంది. "చిన్నతాత జైల్లో ఉన్నాడని ఆ బిడ్డకి చెప్పుకోలేను. కానీ పొద్దున లేస్తే వాగు అవతల నీ పొగగొట్టం కనిపిస్తుంది నాకు. దాన్ని చూస్తా నేను బతకలేను. నీ సగం నా పేర రాసి పో."

"ఎక్కడికి పోను?"

"వెళ్లొద్దంటేనే వెళ్లినోడివి. ఇప్పుడు దారి నన్నడుగుతున్నావా."

ఓపల్ అప్పటికే సూదిలో దారం ఎక్కించుకోవడానికి తంటాలు పడుతోంది. ఎక్కించి పెట్టమని సూది నాకే ఇచ్చింది. ఎక్కించి ఇచ్చాను.

గురువారం కోర్టుకి వెళ్లి, నా సగం వదిన పేర రాసిన కాగితం మీద సంతకం పెట్టాను. ప్రతిఫలం ఒక డాలరు, ప్రేమాభిమానాలు అని రాశారు. మావైపు ఇంటివాళ్ల మధ్య రాసే కాగితాల్లో అలాగే రాస్తారు. ఆ డాలరు వదిన ఇవ్వలేదు, నేను అడగలేదు. పోయింది ఇల్లు, బావి, పొగాకు ఆరబెట్టే కొట్టాం, వాగుకి ఇవతల ఉన్న ఇరవై మూడుంపావు ఎకరాలు.