ఒకటీ ఆరు

పొద్దున్నే షెడ్డు ఊడ్చి, ఇనుప రజను ఒక పక్కకు నెట్టి, నీళ్లు చల్లడం హన్నమ్మ పని. ఆమె చీపురు మూలన పెట్టేసరికి మొగుడు యోహాను నిన్న చుట్టిన గొట్టాలను ఒక్కొక్కటే తట్టి చూసేవాడు. నంద్యాలలో ఆళ్లగడ్డ రోడ్డు మీద మోటారు బండ్లకు పొగగొట్టాలు చేసేది అతనొక్కడే. లావు సన్నం చూడటానికి అతని దగ్గర కొలబద్ద లేదు, గాజులున్నాయి. గాజుల లెక్క ఎటూ అంగుళాలూ అణాలే. రెండూ ఆరు అంటే రెండంగుళాల మీద ఆరణాల వంతు, పదహారింట ఆరు. గాజు వదులు కాకుండా, బిగుసుకోకుండా గొట్టం మీదికి ఎక్కితే కొలత కుదిరినట్టు.

ఎవరి గాజుతో కొలిస్తే గొట్టానికి వాళ్ల గొంతే వచ్చేది. డోన్ పోయే లారీకి ఇడ్లీలమ్మే గోవిందమ్మ గాజు పెట్టాడు. ఆ లారీ దారి పొడవునా ఎద్దులబండ్ల వాళ్లను తిట్టుకుంటూ పోయేది, వాళ్లూ తిరిగి తిట్టేవాళ్లు. అవుకు బస్సు, ఊరూరూ తిరిగి గాజులమ్మి చనిపోయిన దేవమ్మ గొంతుతో ఊళ్ల పేర్లు చెప్పేది కాబట్టి కండక్టరు హాయిగా నిద్రపోయేవాడు. గాజు తొడుక్కున్న మనిషి బతికుందా, పోయిందా అన్నది గొట్టానికి పట్టేది కాదు.

హన్నమ్మ దగ్గర ఒక మట్టిగాజు ఉంది. ఒకటీ ఆరు. కూతురు లూదియాది. ఏడాదిన్నర వయసులో గొంతువాపుతో పోయి రెండేళ్లయింది. ఫోటో లేదు. ముఖం ఇంకా కళ్ల ముందుకు వస్తుంది గాని, గొంతు పోయింది. ఆ బిడ్డ "అమ్మా" అన్నప్పుడు చివర సాగదీసేదా, తుంచేసేదా? హన్నమ్మ రెండు విధాలా అని చూసుకునేది. రెండూ తన గొంతే. అంత సన్నని గొట్టం లారీకి పనికిరాదు, బస్సుకూ పనికిరాదు.

నయాపైసలు వచ్చిన ఏడు, ఎండాకాలంలో, ఆళ్లగడ్డ నుంచి శేషారెడ్డి ఒక కారు తెచ్చాడు. ఎవరో దొర వదిలేసిపోయిన పాత పందెపు కారు. ఇంజను బాగుచేయించాడు గాని పొగగొట్టాలు తుప్పు పట్టి రాలిపోయాయి. ఇంజనుకు నాలుగు రంధ్రాలు. నాలుగింటి నుంచీ నాలుగు సన్నని గొట్టాలు వచ్చి ఒక లావు గొట్టంలో కలవాలి.

"ఎంత లావు పెడ్తావ్ యోహానూ?"

"అదే ఆలోచిస్తాండా రెడ్డీ. ఒకటీ ఆరు పెడితే పొగ ఉరుకుతాది, ఎనకొచ్చే పొగను లాక్కపోతాది. మెల్లగా పోయినా బండి బాగా లాగుతాది. ఒకటీ పది పెడితే లాగేది తక్కువ. పరుగులో మాత్రం ఇంజనుకు ఊపిరాడతాది."

"మద్రాసు పందేనికప్పా ఇది. దీంతో దుక్కి దున్నాల్నా నేను? నాకు పరుగు కావల్ల."

రెడ్డి పోగానే హన్నమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఒకటీ ఆరు పెట్టు."

"ఆయన చెప్పింది ఇన్నావు గదా?"

"ఇన్నా. ఒక్కసారి బిడ్డ గొంతు ఇనిపిచ్చు. మళ్లా యా కొలత కావల్లంటే ఆ కొలత చుట్టుకో. నాకు గుర్తు పోతాందయ్యా."

యోహాను చేతిలోని సుత్తి కింద పెట్టాడు.

"నాకు ఎప్పుడో పాయె," అన్నాడు. "గాజు ఇయ్యి. జయరాజు కాడికి పోయొస్తా."

రేకు చుట్టడానికి లోపల పెట్టే ఇనుప కడ్డీని లేత్ మిషను జయరాజు కావలసిన లావుకు చెక్కి ఇచ్చేవాడు. యోహాను ఎప్పుడూ గాజే పట్టుకుపోయి చూపించేవాడు. హన్నమ్మ మాత్రం గాజును గుప్పిట్లోంచి వదల్లేదు.

"యాడన్నా పగిలితే? కొలత నోటితో చెప్పు, చాలు."

యోహాను నోటితోనే చెప్పాడు. జయరాజు నయాపైసల పదుల లెక్క అందరికంటే ముందు నేర్చుకున్న మనిషి. అణాలంటే ముసలోళ్ల లెక్క అని ఎగతాళి చేసేవాడు. ఒకటీ ఆరు అనగానే అంగుళాన్ని పది భాగాలు చేసి, అందులో ఆరు తీసుకున్నాడు.

నాలుగు గొట్టాలూ చుట్టడం అయ్యాక హన్నమ్మ చేతులు కడుక్కుని గాజు తెచ్చింది. గొట్టం మూతికి పెట్టింది. ఎక్కలేదు. తిప్పి పెట్టింది. ఎక్కలేదు. యోహాను జయరాజు దగ్గరికి పరుగెత్తి, తల వంచుకుని తిరిగొచ్చాడు.

"పదింట ఆరు తీసినాడంట. మళ్లా చుడతాలే."

అంతలోనే రెడ్డి వచ్చాడు. "ఏందప్పా ఇంకా? ఎల్లుండి పందెం. ఉండేటియి బిగించు!"

బిగించారు. ఇంజను అందుకుంది. గొట్టంలోంచి మూడేళ్లు దాటిన ఆడపిల్ల గొంతు వచ్చింది, మాటలన్నీ స్పష్టంగా.

"ఎవురు నువ్వు?"

"నేను మీ అమ్మను," అంది హన్నమ్మ.

"మా అమ్మ ఎవురు?"

అప్పుడు అర్థమైంది. బతికుంటే బిడ్డ చెయ్యి ఈపాటికి ఆ గొట్టమంత లావయ్యేది. తాను గొంతు మరిచిపోయిన రెండేళ్లలో బిడ్డ తనను మరిచిపోయింది.

"భలే ఊపిరాడతాందే! నేనడిగింది ఇదే గదా," అంటూ రెడ్డి కారు తీసుకుని పోయాడు. మద్రాసులో గెలిచాడు. గొట్టాలు మారుస్తానని యోహాను పోయి అడిగితే, గెలిచిన బండి మీద చెయ్యి పెట్టనీయనన్నాడు.

హన్నమ్మ బట్టలు మూట కట్టుకుంది.

"యాడికి పోతాండావ్?"

"బిడ్డ కాడికి."

"అది నిన్ను గుర్తుపట్టదే."

"పట్టేదాకా ఉంటా."

"మరి నేను?" అన్నాడు యోహాను. ఆమె అప్పటికే రోడ్డెక్కింది.

ఆళ్లగడ్డలో రెడ్డి ఇంట్లో పేడ తీసే పనికి కుదిరింది. పొద్దున కారు తీసినప్పుడు, షెడ్డు నుంచి గేటు దాకా ముప్పై అడుగులు. ఆ ముప్పై అడుగులూ కారు పక్కనే ఉరికేది. "ఉరుకు హన్నమ్మా, పందెంలో నిన్నే పెట్టాల్సింది," అని వంట చేసే రంగనాయకమ్మ నవ్వేది. ఇంజను ఆరిపోతే బిడ్డకు నిన్నటి మాట ఉండదు. ప్రతి పొద్దునా మొదటి నుంచి చెప్పాలి. నేను హన్నమ్మను. నువ్వు లూదియావు. నిన్ను కన్నది నేనే. బిడ్డ కాస్త నమ్మి, "మరి మా నాయన పేరేందీ?" అని అడిగేసరికి గేటు వచ్చేది.

మొగుడి పేరు నోటితో పలికే అలవాటు ఆమెకు లేదు, ఆ కాలంలో ఏ ఆడదానికీ లేదు. "ఆయనే," అనేది. కారు వెళ్లిపోయేది. యోహాను మొదట రెండు ఆదివారాలు వచ్చి గేటు బయట నిలబడ్డాడు. తర్వాత రాలేదు. అలా మూడేళ్లు గడిచాయి.

ఒక పొద్దున, ఎవరేమనుకున్నా సరే ఆ పేరు బిడ్డకు చెప్పాలనుకుంది. ఆ రోజు రెడ్డి కారు మెల్లగానే తీశాడు. బిడ్డ అడిగింది. హన్నమ్మ నోరు తెరిచింది. ఆయన ఎడమ భుజం ఎత్తి నడిచే నడక గుర్తొచ్చింది. అన్నంలో మజ్జిగ పోసుకునే తీరు గుర్తొచ్చింది. కారు మీద చెయ్యి వేసి గేటు దాకా ఉరికింది. పేరు మాత్రం గుర్తు రాలేదు.

"చెప్పు," అంది బిడ్డ, రోడ్డు మీద నుంచి. "చెప్పు."