గంట కొడితే ఆగే దగ్గు

మొదట్లో నా చేతిలో ఉన్నవి ఇవి: ఒక రేకుల షెడ్డు, దూది ఏకే మిషను, పరుపులు కుట్టే పదకొండుమంది ఆడవాళ్ళు, బల్ల మీద ఒక ఇత్తడి గంట. ఆ పదకొండుమందిలో మా వదిన ఒకరు. అన్నయ్య పోయాక నాకు కుడిభుజం ఆవిడే. కూర్చునేది మిషను పక్కనే.

గంట నా తెలివే. దూది నూగు గొంతులోకి పోయి అందరూ దగ్గుతూ ఉండేవారు. అది వింటే కొనేవాడు సరుకులో దుమ్ముందని బేరం దించేస్తాడు. అందుకని గుమ్మంలో మనిషి కనపడగానే ఒకసారి కొట్టేవాణ్ణి. అతను వెళ్ళాక రెండోసారి కొట్టేదాకా ఎవరూ దగ్గకూడదు. తొమ్మిదేళ్ళలో ఒక్కరూ తప్పలేదు.

ఒకరోజు భోజనాల వేళ మా అమ్మాయి కాలేజీ పుస్తకం పట్టుకుని వచ్చింది. రెండు వందల ఏళ్ళ కిందటి పద్యం. కవి ఒక పట్నంలో నడుస్తూ ఉంటాడు. ఒక వీధిలో మగ్గాల దగ్గర పిల్లల ఏడుపు, ఇంకో వీధిలో ఆకలి తిట్లు. అన్నీ విని ముందుకు పోతాడు. చివరి వీధిలో ఏ చప్పుడూ ఉండదు. అక్కడ మాత్రం భయపడి పరుగెత్తుతాడు.

"ఎందుకు భయపడ్డాడో రాయాలి నాన్నా."

"పనిలేక తిరిగేవాడికి నీడను చూసినా భయమే. అందరూ నిద్రపోతున్నారేమో!"

"పట్టపగలా? నీ బేరాలు నువ్వు చూసుకో, పద్యాల జోలికి రాకు."

ఆడవాళ్ళు నవ్వారు. నవ్వు కాస్తా దగ్గయింది. వదిన మాత్రం నవ్వలేదు.

"ఊపిరి బిగబట్టుకుని ఉంటారు తల్లీ," అంది. "వచ్చినవాడు వెళ్ళేదాకా."

"వచ్చింది కవే కదా పెద్దమ్మా?"

"బట్టలు బాగుండి ఉంటాయి. లోపలున్నవాళ్ళకేం తెలుసు?"

అమ్మాయి అదే రాసుకుంది. నేను సగం అన్నంలోనే చెయ్యి కడిగేసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే హోటలు మేనేజరు వచ్చాడు. నలభై గదులకు పరుపులు; నెల నుంచి ఎదురుచూస్తున్న బేరం. చెయ్యి దానంతటదే గంట కొట్టింది. మిషను ఆగింది. దగ్గులూ ఆగాయి.

అతను పరుపులు నొక్కి చూస్తున్నాడు. నేను మొహాలు చూస్తున్నాను. పదకొండు మెడల్లో నరాలు ఉబ్బి ఉన్నాయి. వదిన నోట్లో గుడ్డ కుక్కుకుంది. నీళ్ళు నిండిన ఆ కళ్ళు నన్ను కాదు, గంటను చూస్తున్నాయి.

"ఇంత ప్రశాంతంగా పని చేయించడం మీకే చెల్లిందండీ," అన్నాడు మేనేజరు.

"దగ్గు వదినా," అన్నాను.

ఆవిడ కదల్లేదు.

"అందరూ దగ్గండమ్మా!" అని అరిచాను.

పదకొండు దగ్గులూ ఒక్కసారే లేచాయి. మేనేజరు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయాడు.

వదిన దగ్గు సాయంత్రానికీ ఆగలేదు. డాక్టరు చెప్పినదాంట్లో నాకు అర్థమైంది ఒక్కటే, చాలా ఆలస్యమైందని. గోడ పగలగొట్టించి పెద్ద ఫ్యాను పెట్టించాను. "బాగానే ఉంది మరిదీ. గంట తట్టిన బుర్రకి ఇది తట్టలేదేం?" అంది. ఆ గాలి ఆవిడ పన్నెండు రోజులే పీల్చింది.

అమ్మాయికి ఆ జవాబుకు పూర్తి మార్కులు వచ్చాయి. గంట కరిగించేశాను. షెడ్డులో దగ్గులు తగ్గాయి. తగ్గినప్పుడల్లా నేను బల్ల దగ్గర్నుంచి లేస్తాను, నిజంగా తగ్గాయో, బిగబట్టారో చూడడానికి. పది మొహాలూ చూసి, మిషను పక్కనున్న ఖాళీ పీట దగ్గర కూడా కాసేపు నిలబడతాను.

చివరికి నాకు దక్కింది ఆ కవి భయం. అతను పరుగెత్తిపోయాడు. నా కొట్టు ఇక్కడే.