బుడగకి సీటు బెల్టు

బుడగ నవ్విందంటే ఇంట్లో ఫ్యాను ఆపాలి. మూడేళ్ళు కూడా నిండని ఆ పిల్ల ముసిముసిగా నవ్వితే మంచమెత్తు లేస్తుంది, పకపకా నవ్వితే ఇంటి కప్పు దాకా పోతుంది. అందుకని ఎవరు జోకు వెయ్యాలన్నా ముందు స్విచ్చి దగ్గరికి నడవాలి. పాలవాడికి కూడా అలవాటైపోయింది. "పాపని కాస్త పట్టుకోండమ్మా, ఒక మాట చెప్తా" అనేవాడు.

ఇంట్లో ఏ ఇబ్బందీ లేదు. తంటా అంతా కారులోనే.

వాళ్ళ నాన్న కార్ల సీట్లకి కవర్లు కుట్టే టైలరు. ఊళ్ళో సగం కార్లలో ఆయన కుట్టినవే. సొంత కారు సీట్లకి మాత్రం కొన్ననాటి ప్లాస్టిక్ అలాగే ఉంచాడు, మాసిపోతాయని! కూతురి కోసం కొన్న పిల్లల సీటుకీ అదే గతి. ప్లాస్టిక్ మీద పిల్ల జారేది, చెమటకి అంటుకునేది, గుక్కపెట్టి ఏడ్చేది. చివరికి సీటు డిక్కీలోకి, పిల్ల నాన్నమ్మ ఒళ్ళోకి. ఇక దారి పొడుగునా ఎవరూ నవ్వకూడదు. "నవ్వు నాలుగు విధాల చేటు" అని నాన్న స్టీరింగు దగ్గర్నుంచి సెలవిచ్చేవాడు. ఆ సామెత పుట్టించినవాడెవడో గాని, చంటిపిల్లతో కారెక్కి ఉండడు.

అయినా ఏం లాభం? ఒకసారి పక్క కారులోంచి ఓ కుక్క తల బయటపెట్టింది. బుడగ నవ్వింది. నాన్నమ్మ చేతుల్లోంచి జారి, తెరిచిన కిటికీలోంచి నడుం దాకా బయటికి పోయింది. అమ్మ పిల్ల కాళ్ళు పట్టుకుని లాగింది కాబట్టి సరిపోయింది. "ఇక ఈ పిల్లతో కారెక్కితే ఒట్టు!" అన్నాడు నాన్న.

అంతే, ప్రయాణాలు బంద్. ఇంతలో కొండ అవతల ఉండే పిన్నికి కొడుకు పుట్టాడు. అమ్మకి ఆమె ఒక్కతే చెల్లెలు.

"వెళ్ళి చూసొద్దామండీ" అంది అమ్మ.

"పిల్లకేమైనా అయితే?"

"అందుకే దాని సీట్లోనే కూచోబెడదాం. ప్లాస్టిక్ తీసేసి."

"మాసిపోతుందే!"

"మాసిపోతే ఇంకోటి కుట్టండి. మీ పని అదేగా!" అంటూ ఆయన కత్తెరే అందుకుని పరపరా కోసేసింది. ఆయనకి కడుపు కోసినట్టయింది.

అమ్మ ఆ సీటుని వెనక సీటుకి గట్టిగా బిగించింది. పిల్లని కూచోబెట్టి బెల్టు పెట్టింది. మెత్తటి బట్ట ఒంటికి తగిలేసరికి బుడగ హాయిగా కాళ్ళూపుకుంటూ కూచుంది. పక్కనే కూచున్న నాన్నమ్మ, ఇన్నాళ్ళూ బిగబట్టుకున్న జోకులన్నీ విప్పింది. పిల్ల పకపకా నవ్వింది. బెల్టు బిగిసింది. పిల్ల లేవలేదు, కారే కాస్త తేలికైంది.

"స్టీరింగేంటి ఇలా ఆడుతోంది? నవ్వులాపండి!" అన్నాడు నాన్న.

అందరూ నోళ్ళు మూసుకున్నారు.

కొండ మలుపులో లారీ ఒకటి అడ్డంగా దూసుకొచ్చింది. నాన్న పక్కకి తిప్పాడు. తడి రోడ్డు మీద కారు జారి, ముందు చక్రాలు అంచు దాటాక ఆగింది. కింద లోయ. కారు అటూ ఇటూ ఊగుతోంది.

"ఎవరూ కదలకండి" అన్నాడు నాన్న.

బుడగ భయంతో ఏడుస్తోంది. "ఏవండీ, పిల్ల ఈ కారుకే కట్టేసి ఉంది" అంది అమ్మ. "అది లేస్తే కారూ లేస్తుంది. నవ్వించండి దాన్ని!"

నాన్నమ్మ ఏదో చెప్పబోయింది, పళ్ళు టకటకలాడాయి. అమ్మ నవ్వబోతే కన్నీళ్ళే వచ్చాయి. పిల్ల అద్దంలో నాన్న కళ్ళకేసి చూస్తోంది. ఇన్నాళ్ళూ నవ్వొద్దనే చెప్పిన కళ్ళవి. కుట్టుమిషను తప్ప ఆయనకేం తెలుసు పాపం! గొంతు సవరించుకుని "టకటకటకటక" అన్నాడు. "అమ్మో! నాన్న మీసం కుట్టేసుకున్నాడే!" అని పెదాలు బిగించేసి, నోరు తెరవలేనట్టు "మ్మ్! మ్మ్మ్!" అన్నాడు.

పిల్ల ఏడుపాపింది. వింతగా చూసింది. ఒక్కసారిగా పగలబడి నవ్వింది.

కారు జానెడు పైకి లేచింది. లోయలోంచి వీచిన గాలి దాన్ని మెల్లగా వెనక్కి నెట్టి రోడ్డు మీద దింపింది.

హమ్మయ్య! అందరికీ ప్రాణం లేచొచ్చినట్టయింది. "నా ఒళ్ళో ఉండుంటే ఇదొక్కతే లేచేదిరా. కారు కిందికి పోయేది" అంది నాన్నమ్మ, మనవరాల్ని ముద్దులతో ముంచెత్తుతూ. నాన్న దిగి, పిల్ల బెల్టు సరిచూశాడు. అక్కడే కూలబడి భోరున ఏడ్చాడు.

"నాన్నా, మళ్ళీ కుట్టు!" అంది బుడగ.

కళ్ళు తుడుచుకుని బండెక్కాడు. మెల్లగా పోనిస్తూ, దారంతా మీసం కుట్టుకుంటూనే ఉన్నాడు.

పిన్ని గేటు తీసేసరికి కారు నేలకి రెండు వేళ్ళ ఎత్తున తేలుతూ లోపలికొచ్చింది.

"కాస్త మెల్లిగా దింపండి బావగారూ" అంది పిన్ని, "బాబు ఇప్పుడే పడుకున్నాడు."