బాగున్న కళ్ళు

రాచర్ల నుంచి గిద్దలూరుకు ఆటోలో పోయేంతసేపూ, కూతురికి డాక్టరు కళ్ళజోడు రాయాలని చెంచులక్ష్మి దేవుణ్ణి మొక్కుకుంటూనే ఉంది. భాగ్యకు పన్నెండేళ్లు. పాఠం ఒక్కసారి వింటే అప్పజెప్పేస్తుంది. పుస్తకం ముందు పెడితే మాత్రం అక్షరాలు కూడబలుక్కోలేక చెమటలు కక్కుతుంది. చూపు మందగించిందేమో, అద్దాలు పెడితే సర్దుకుంటుందని తల్లి ఆశ.

కళ్ళ డాక్టరు లైటు వేసి చూశాడు. గోడ మీది బొమ్మలు చూపించాడు. భాగ్య అన్నిటి పేర్లూ చెప్పింది, మరీ చిన్నవాటితో సహా.

"చూపు చక్కగా ఉందమ్మా. అద్దాలు అక్కర్లేదు."

"ఇంకోసారి చూడండి సార్. పిల్ల చదవలేకపోతాంది."

"కళ్ళలో లోపం లేదు. ఇది వేరే ఏదో. ఒంగోలులో పిల్లల డాక్టరుకు చూపించండి."

వేరే అంటే ఏందని అడిగేలోపే తర్వాతి మనిషిని పిలిచారు. బిడ్డ కళ్ళు బాగున్నాయంటే ఏడుపొచ్చిందని ఎవరితో చెప్పుకోవాలో ఆమెకు తెలియలేదు.

మరునాడు కూతురి వెంట బడికి వెళ్లి, డాక్టరు మాట చెప్పింది. అరుణకుమారి మేడం తల ఊపింది.

"చూసినావా? కళ్ళు బాగున్నాయంటే ఇది ఒట్టి సోమరితనమే. ఇంత చక్కగా మాట్లాడే పిల్లకు చదువెందుకు రాదు?"

క్లాసంతా విన్నది. భాగ్య పోయి చివరి బెంచీలో ఒక్కతే కూర్చుంది.

సాయంత్రం చెంచులక్ష్మి భర్తకు ఫోన్ చేసింది. మేత కోసం మాలకొండయ్య గొర్రెలను నెల్లూరు వైపు తోలుకుపోయి ఉన్నాడు.

"కళ్ళు బాగుంటే మంచిదే గదా. ఏడుస్తావేంది?"

"నీకెట్ల చెప్పేది..."

"నా దగ్గరికి పంపు. గొర్రెపిల్లల్ని చూసుకుంటది."

"పంపను."

అతను గొర్రెల్ని అదిలించే కేక ఫోన్లో వినిపించింది.

"నన్ను గూడా బళ్ళో మొద్దోడనేవాళ్లు. బతకట్లా?" అన్నాడు మాలకొండయ్య. ఆ మాట అతను ఇంతకు ముందెన్నడూ అనలేదు. ఆమె ఏదో అడగబోయేలోగా ఫోన్ పెట్టేశాడు.

భాగ్య అన్నం ముట్టకుండా గోడవైపు తిరిగి పడుకుంది. తల్లి పక్కన కూర్చుంది.

"నువ్వు సోమరివి కాదు."

"అయితే నాకేమైందమ్మా?"

"తెలీదు. ఒంగోలు పోయి అడుగుదాం."

"ఎవర్ని?"

"పిల్లల డాక్టర్ని," అంది తల్లి. కానీ ఆమెకు బస్సు దిగి ఎటు పోవాలో, బిడ్డకు ఏమైందని చెప్పాలో అడుగుదామంటే ఊళ్ళో ఒక్క మనిషీ తట్టలేదు. లేచి, చెప్పులేసుకుని, ఒంగోలు బస్సు ఎన్నింటికో కనుక్కోవడానికి రోడ్డు మీదికి నడిచింది.