అడగొద్దన్నారు

పళ్ళ సెట్లు చేసేవాడికి అవి పెట్టుకునే మనిషి కనబడడు. డాక్టరు దగ్గర్నుంచి ప్లాస్టర్ అచ్చు వస్తుంది, వెంట ఒక చీటీ వస్తుంది. రంగు ఇది, ఎత్తు ఇంత. చీటీలో ఉన్నది ఉన్నట్టు చేసి పంపాలి, అంతే. పనిలో చేరిన కొత్తలో ఎవరో ముసలావిడ ముందుపళ్ళ మధ్య సందు ఉంచమని రాసి ఉంటే, మూసేస్తే ఇంకా అందంగా ఉంటుంది కదా అని అతను మూసేశాడు. ఆవిడ సెట్టు తిప్పి పంపింది. "ఇవెవరి పళ్ళో నాకంటగట్టారు" అందట. ఆ రోజు యజమాని పెట్టిన చీవాట్లు అతని ఒంటికి పట్టేశాయి. ఆనాటి నుంచి గీసిన గీటు దాటి ఎరగడు. తెలిసినవాళ్ళంతా అతన్ని పళ్ళాయన అంటారు.

భార్య మాత్రం గోడ అనేది. "గోడతో కాపురం చేశాను, ఇక నావల్ల కాదు" అని కోర్టులోనూ చెప్పింది. విడాకులు పెద్ద రభస లేకుండానే అయిపోయాయి. ఏడేళ్ళ కూతురు తల్లి దగ్గరే ఉండిపోయింది. పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని దాన్ని పిచిక అని పిలిచేవాడు. వారం విడిచి వారం, శనివారం పొద్దున, కోర్టు వెనక ఉన్న గదిలో దాన్ని చూడొచ్చు. సెలవురోజుల్లో ఇంటికి తీసుకెళ్ళి ఉంచుకోనివ్వమని అర్జీ వేశాడు. బతుకులో అతనికిప్పుడు కావలసింది అదొక్కటే.

మొదటిసారి ఆ గదిలో పిల్లని ఒళ్ళో కూచోబెట్టుకుని, "ఎప్పుడొస్తావు తల్లీ మనింటికి? నీ మంచం నీకోసమే ఉంచాను" అన్నాడు. పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. తలుపు దగ్గర కాపలా కూచునే ఆయమ్మ సంగతి పైవాళ్ళకి చెప్పింది. తండ్రి పిల్ల మనసు విరిచేస్తున్నాడని అవతలి లాయరు గోల పెట్టాడు.

అతని లాయరమ్మ తల పట్టుకుంది.

"అర్జీ తేలేదాకా ఇంటి మాటెత్తకండి. రమ్మని అడక్కండి. వాళ్ళమ్మ గురించి ఆరాలు తీయకండి. బొమ్మలూ గిమ్మలూ తెచ్చి లంచం పెడుతున్నారనిపించుకోకండి. మీరసలు ఏడవకండి. అర్థమైందా?"

"అయింది మేడమ్."

"ఏమర్థమైందో చెప్పండి."

పొల్లుపోకుండా అప్పజెప్పాడు. లాయరమ్మ నవ్వేసింది. "మీలాంటి క్లయింటు దొరకడం నా అదృష్టమండీ."

ఆ గది గోడ మీద ఎవరో జిరాఫీ బొమ్మ వేశారు. పైన చోటు చాలక మెడ దగ్గరే ఆపేశారు. ఒక మూల ప్లాస్టిక్ జారుడుబల్ల, ఇంకో మూల చదరంగం. అందులో మంత్రి పోతే సీసా మూత పెట్టి ఆడుకునేవాళ్ళు. అతను చదువు గురించి అడిగేవాడు, ఆటలో ఓడిపోయేవాడు, టైమవగానే లేచి నిలబడేవాడు. ఒకసారి పిచిక నోరు తెరిచి ముందుపన్ను ఊడిన చోటు చూపించింది. ఊడిన పన్ను ఎక్కడ దాచావని అడగాలని నోటిదాకా వచ్చింది. దాస్తే ఇంట్లోనే దాచి ఉంటుంది, అది ఇంటి మాటే అవుతుంది. మింగేశాడు.

ఇంకోసారి పిల్లే అడిగింది. "నాన్నా, నా మంచం ఇంకా ఉందా?"

అతను ఆయమ్మ వంక చూశాడు. ఆవిడ ఇటే చూస్తోంది.

"నీ వంతు. ఆడు" అన్నాడు.

పిచిక చదరంగం కేసి చూసి, సీసా మూత జరిపింది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. అతనికి గండం గడిచినట్టనిపించింది.

అక్క ఊరుకునేది కాదు. "ఊళ్ళోవాళ్ళ నోళ్ళన్నిటికీ పళ్ళు కడతావు, నీ నోరు మాత్రం పెగలదేమిట్రా? ఆ లాయరమ్మ ఊపిరి పీల్చొద్దంటే అదీ మానేస్తావా?"

"అర్జీ తేలనీ అక్కా. తేలాక అన్నీ దానికే చెప్తాను."

"అప్పటిదాకా పిల్ల మనసు ఫ్రిజ్‌లో పెట్టి ఉంచుతార్రా, పాడవకుండా?"



అర్జీ విచారణ రోజు జడ్జిగారు పిచికని తన గదిలోకి పిలిచి ఒంటరిగా మాట్లాడారు. పిల్ల బయటికొచ్చాక తల్లిదండ్రులిద్దర్నీ లాయర్లతో సహా లోపలికి రమ్మన్నారు. జడ్జిగారి గొంతులో కోపం లేదు. అదే అతన్ని భయపెట్టింది.

"ఆయమ్మ మీ గురించి మంచిగానే చెప్పింది. పిల్లని ఒక్క మాట కూడా ఇబ్బంది పెట్టలేదట. కానీ పిల్లని అడిగితే, నాన్నకి నేను రావడం ఇష్టం లేదంది. ఎలా తెలుసమ్మా అన్నాను. మంచం సంగతి అడిగితే ఆట ఆడమన్నాడండీ, తీసేసుంటాడు, చెప్తే నేను బాధపడతానని చెప్పలేదు అంది."

అతను లాయరమ్మకేసి చూశాడు. ఆవిడ ఫైలు తిరగేస్తోంది.

"నాన్నకి తను అక్కర్లేదనుకుంటున్న పిల్లని బలవంతంగా పంపలేను. ప్రస్తుతానికి ఆ గదిలోనే కలవండి. వచ్చే ఏడు మళ్ళీ చూద్దాం" అన్నారు జడ్జిగారు.

వరండాలో లాయరమ్మ మెల్లగా, "నేను రమ్మని అడగొద్దన్నానండీ. పిల్లంతట పిల్ల అడిగితే జవాబు చెప్పొద్దని..." అని ఆపేసింది. మాజీ భార్య పిల్ల చెయ్యి పట్టుకుని మెట్లు దిగుతూ ఒక్కసారి వెనక్కి తిరిగింది. గెలిచిన మొహం కాదది. ఇదంతా తనకి ముందే తెలుసన్న మొహం.

తరవాతి శనివారం గదిలోకి పిల్ల వచ్చీ రాగానే అతను దాని ముందు మోకాళ్ళ మీద కూచున్నాడు.

"పిచికా, నువ్వు మనింటికొస్తే నాకెంతిష్టమో తెలుసా? నీ మంచం ఎక్కడికీ పోలేదురా. రోజూ దుప్పటి దులుపుతాను."

పిల్ల అతని మొహంలోకి పరీక్షగా చూసింది. "మరి అప్పుడెందుకు చెప్పలేదు?"

"అడగొద్దన్నారమ్మా. ఇంటి మాట మాట్లాడొద్దన్నారు."

"ఎవరు?"

"మన లాయరాంటీ."

"ఓహో. ఇప్పుడు చెప్పమన్నారా?"

"లేదు తల్లీ! ఎవరూ చెప్పమన్లేదు. నేనే. నా అంతట నేనే చెప్తున్నా."

"సర్లే నాన్నా" అంది పిచిక, చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళతో పెద్దవాళ్ళు అనే గొంతుతో. అతని భుజం మీద రెండుసార్లు తట్టింది కూడా. "ఏం పర్లేదు. నేనేమీ అనుకోను."

అతనికి ఏడుపు ఆగలేదు. ఆపుకోవాలని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నకొద్దీ ఇంకా వచ్చింది. పిల్ల ఒకడుగు వెనక్కి వేసింది.

"అయ్యా, ఇది నేను పైన చెప్పక తప్పదు" అంది ఆయమ్మ, చెప్పడం ఇష్టం లేనట్టుగానే.

"చెప్పండమ్మా" అన్నాడు అతను.

పిచిక ఆయమ్మ దగ్గరికి నడిచి, అమ్మని పిలవమంది. ఆయమ్మ లేచి తలుపు తీసింది. టైము ఇంకా చాలా ఉంది.